చెయ్యి ఊపితేనే నీడ

బస్‌స్టాపులో నీడ ఊరికే దొరకకూడదు. రేకుల షెడ్డు కింద కదలకుండా నిలబడి బస్సు కోసం చూడటం కూడా ఒక బతుకేనా? మల్కాపురం వాళ్లకు ఆ అవమానం తప్పింది. తప్పించినవారు ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ ఆనందకుమార్ గారు.

ఆయన రంగం రెస్పాన్సివ్ డిజైన్. అంటే మనిషిని చూసి కట్టడం స్పందించాలి. చప్పట్లు కొడితే జరిగే కర్టెన్ ఆయనను డాక్టర్‌ను చేసింది. దగ్గరికి వెళితే రంగు మారే గోడ అసోసియేట్ ప్రొఫెసర్‌ను చేసింది. కాలు పెడితే పాట పాడే మెట్లు ఏకంగా ప్రొఫెసర్‌ను చేశాయి! ఆ మెట్లు పరీక్ష హాలుకు వెళ్తాయి. పరీక్షల రోజుల్లో పాట మోగకుండా విద్యార్థులు కిటికీ ఎక్కి వెళ్లారు. అది వ్యాయామం కాదా?

ఇక మా స్టాపు. మనిషి కదిలితే పైకప్పు పలకలు మూసుకుని నీడ ఇస్తాయి. కదలకపోతే, ఎవరూ లేరనుకుని తెరుచుకుంటాయి. అందుకే అందరం చేతులు ఊపుతూ నిలబడతాం. ముసలివాళ్ల భుజాల నొప్పులు పోయాయి. మాటల్లేని పొరుగువాళ్లు కూడా ఒకరికొకరు చేతులు ఊపుకుంటున్నారు! ఊపిన ప్రతిసారీ ప్రొఫెసర్ గారి కంప్యూటర్‌లో ‘ప్రజాదరణ’ ఒకటి పెరుగుతుంది. అవార్డు రాకుండా ఎలా ఉంటుంది?

ఇబ్బంది అసిరమ్మకే వచ్చింది. ఆమె సీతమ్మధార క్లినిక్‌లో ఆయా. ఇంకోసారి ఆలస్యమైతే పనిలోకి రావద్దన్నారు. సోమవారం ఆమె చెయ్యి ఊపింది, బస్సు ఆగలేదు. వెంట పరిగెత్తి రైల్వే గేటు దగ్గర పట్టుకుంది.

“ఏటి సూరన్నా, సెయ్యి ఊపుతన్నా ఆపవేటి?”

“నువ్వు బస్సుకి ఊపుతన్నావో, కప్పుకి ఊపుతన్నావో నాకేటి తెల్సప్పా? ఆడ అందరూ ఊపుతానే ఉంతారు!” అన్నాడు డ్రైవరు.

“నీడకీ సెయ్యే, బస్సుకీ సెయ్యే! ఇంకేటి ఊపాల, తలకాయా?”

మర్నాడు ఆమె స్టాపు వదిలి, పక్కనున్న అవార్డు బోర్డు నీడలో నిలబడింది. ప్రొఫెసర్ గారు శాలువా కప్పుకున్న ఫొటో ఉన్న బోర్డు అది. చెయ్యి ఊపింది, బస్సు ఆగింది. వారంలో అందరం అక్కడికే చేరాం.

కంప్యూటర్‌లో ప్రజాదరణ సున్నా అయింది. ప్రొఫెసర్ గారు స్వయంగా వచ్చారు. బోర్డు చుట్టూ తిరిగి టేపుతో కొలిచారు.

“బాబూ, దీన్నేటీ సెయ్యకండి. నిలబడ్డానికి మాకిదొక్కటే ఉంది” అంది అసిరమ్మ.

ఆవిడకు డిజైన్ తెలియదు. బోర్డుకు సెన్సార్లు బిగించారు. ఇక చెయ్యి ఊపకపోతే అదీ పక్కకు తిరిగి నీడ తీసేస్తుంది.

ఇప్పుడు అసిరమ్మ ఎండలో నిలబడుతోంది. బస్సు ఆగుతోంది.