చూడలేదని ఏకగ్రీవ తీర్మానం

సేవాసంస్థలు గ్రాంటు కోసం పెట్టుకునే దరఖాస్తులను పరిశీలించడానికి ‘సమాజంలోని అన్ని వర్గాల నుంచి, విభిన్న అనుభవాలు గల నిపుణులు’ కావలెనని సంక్షేమ శాఖ ప్రకటించింది. కిందటేడు పరిశీలించిన పదిమందీ ఒకే కాలేజీలో చదివి, ఒకే క్లబ్బులో పేకాడేవాళ్ళని ఎవరో గిట్టనివాళ్ళు పత్రికలో రాశారు. శాఖ ఆ విమర్శను మనస్ఫూర్తిగా స్వాగతించింది. ఆ పదిమందినీ అలాగే ఉంచి, పదకొండో కుర్చీ వేయించింది.

ఆ కుర్చీకి ఎంపికైన ఆవిడ పెద్దాసుపత్రిలో ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైంది. పుట్టుకతోనే చూపు లేదు. స్త్రీ, వృద్ధురాలు, వికలాంగురాలు, చిరుద్యోగి. వైవిధ్యం కింద ఫారంలో ఉన్న ఆరు గళ్ళలో నాలుగింటిని ఒక్క మనిషే నింపేసరికి సెక్షన్ ఆఫీసరు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మరో ముగ్గుర్ని వెతికే శ్రమ తప్పించినందుకు ఫోన్ చేసి మరీ కృతజ్ఞతలు చెప్పాడు. ఆవిడ కూడా పొంగిపోయింది. ఇన్నేళ్ళూ ఒకరి మాట ఇంకొకరికి కలపడమే తప్ప, నీ మాటేమిటని తనను అడిగినవాళ్ళు లేరు.

ప్రారంభ సభలో డైరెక్టరుగారు ఉపన్యసించారు. “చూపు కాదు, దృష్టి ముఖ్యం! ఈ వేళ ఈ గదిలో సమాజం మొత్తం కూర్చుని ఉంది!” పదిమంది నిపుణులూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరుగారి బావమరిది ఒకటికి రెండుసార్లు దగ్గి, వందన సమర్పణ చేశాడు. ఆవిణ్ణి నడిమధ్య నిలబెట్టి ఫోటో తీశారు. తరవాత నలభై రెండు దరఖాస్తుల కట్ట చేతిలో పెట్టారు.

“బాబూ, ఇవి చదివి వినిపించే ఏర్పాటేమైనా ఉందా?” అని అడిగింది.

“మీ కోసమే ప్రత్యేకంగా పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించామమ్మా,” అన్నాడు సెక్షన్ ఆఫీసరు గర్వంగా.

చదివే పని కోడలి మీద పడింది. ఆ అమ్మాయి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మెషీను ఆపి ఒక దరఖాస్తు, రెండు జాకెట్లు కుట్టాక ఇంకో దరఖాస్తు. ఏడోదాని దగ్గర ఆగిపోయింది.

“ఇది నిన్న చదివిందే అత్తయ్యా.”

“నిన్నటిది వృద్ధులదమ్మా. ఇది అనాథ పిల్లలదన్నావుగా?”

“అక్కడ ‘వృద్ధులు’ అన్న చోటల్లా ఇక్కడ ‘అనాథలు’ అని టైపు కొట్టారు. మిగతాదంతా ఒకటే. వినండి: ‘ఈ అనాథల చివరి కోరిక మనవలను ఎత్తుకోవడమే.’”

అలాంటివి అయిదు తేలాయి. ఆవిడ ఫోన్ దగ్గరికి లాక్కుంది. అయిదు సంస్థల అధ్యక్షులూ స్వయంగా పలికారు. ఒకాయన బొంగురుగా, ఒకాయన ముద్దుముద్దుగా, ఒకాయన ముసలివాడిలా వణుకుతూ. ముప్పై రెండేళ్ళు గొంతులతో కాపురం చేసిన మనిషికి అదెంత పని? అయిదు గొంతుల అడుగునా ఒకటే దగ్గు. అది వందన సమర్పణ చేసిన దగ్గు.

ఇంకో నంబరుకు చేస్తే ఒకావిడ ఎత్తింది. “ఒక్క నిమిషమండీ, పిల్లాడి నోట్లో అన్నం ముద్ద ఉంది, మింగనివ్వండి.” వెనక ఒకటే గోల. నడవలేని పిల్లల ఇల్లట. పదకొండు మంది. అద్దెకున్నది మేడ మీద.

“మరి పిల్లల్ని కిందికెలా దించుతారు?”

“ఎత్తుకునేనండీ. పద్దెనిమిది మెట్లు. ఈ గ్రాంటొస్తే మెట్లు లేని ఇల్లు చూసుకుంటాం.”

ఆవిడ ఆ ఇంటికి నూటికి నూరు మార్కులు వేసింది. ఆ రాత్రి, ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా పట్టనంత హాయిగా నిద్ర పట్టింది.

ఆఖరి సమావేశంలో తెలిసింది, మిగతా పదిమందీ ఆ అయిదు సంస్థలకూ నూరేసి వేశారని. పిల్లల ఇంటికి మాత్రం ‘చేతిరాత దరఖాస్తు, రంగుల ఫోటోలు లేవు, దార్శనికత కొరవడింది’ అని రాసి పక్కన పెట్టారు. ఆవిడ లేచి నిలబడి, విన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

“అమ్మా, ఆ అయిదుగురూ ఒక్కరేనని మీరు చూశారా?” అన్నారు డైరెక్టరుగారు మృదువుగా.

“విన్నానండీ.”

“చూశారా అంటున్నాను.”

“నాకు చూపు లేదు కదండీ.”

“రాసుకోవయ్యా. సభ్యురాలు చూడలేదు.” ఆయన పదిమంది వైపూ తిరిగారు. “మీలో ఎవరైనా చూశారా?”

పదిమందీ బల్ల వైపు చూశారు. బల్ల మీద చూడదగ్గదేమీ లేదు. బావమరిది మాత్రం అదే గదిలో అందరికీ టీ అందిస్తున్నాడు.

“ఆయన్నోసారి దగ్గమనండి, చాలు,” అంది ఆవిడ.

ఆ సమావేశం ముగిసేదాకా బావమరిది ఊపిరి కూడా ఆచితూచి పీల్చాడు. సభ్యులెవరూ ఏమీ చూడలేదని ఏకగ్రీవంగా తీర్మానమైంది. అయిదు సంస్థలకూ గ్రాంటు మంజూరైంది. విభిన్న స్వరాలు వినిపించినందుకు శాఖ తనను తాను అభినందించుకుంది.

వారం తిరిగాక పత్రికలో ఆవిడ ఫోటో పడింది. వీధి వీధంతా ఇంటికొచ్చి, ఎంత బాగా పడ్డారో అని మెచ్చుకుంది. కోడలు అందరికీ మంచినీళ్ళిచ్చి, తలుపేసి, ఏడుపు ఆపుకోలేక మెషీను ముందు కూర్చుంది. ఆవిడ మాత్రం ఫోన్ తీసి పిల్లల ఇంటికి చేసింది. “క్షమించమ్మా. నా వల్ల కాలేదు,” అంది.

“అయ్యో, మీరేం చేస్తారండీ. ఈ నెలాఖరుకి ఇల్లు మూసేస్తున్నాను. నా నడుం ఇంక మెట్లెక్కేలా లేదు. అన్నట్టు, వచ్చే ఏడాదికి నన్నూ నిపుణురాలిగా తీసుకున్నారండోయ్! సంస్థ నడిపి మూసేసిన అనుభవం ఉన్నవాళ్ళు వాళ్ళ దగ్గర లేరట. ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే అభినందనలు. చుట్టాలూ, ఇంటివాళ్ళూ, మా వార్డు మెంబరూ...”

“మరి పిల్లలమ్మా? ఎక్కడికి పోతారు?”



“పొద్దుట్నుంచీ ఇంతమంది పలకరించారు గానీ, ఆ మాట అడిగింది మీరొక్కరేనండీ.”