వంటింటి గట్టు మీద డాక్టరు

మతిమరుపు జబ్బును కనిపెట్టడానికి డాక్టర్లెందుకండీ, దండగ! అరచేతిలో పట్టే పెట్టె ఒకటి చాలు. కృత్రిమ మేధ మనకు దొరికిన వరమని బల్లగుద్ది చెబుతాను. ఆ పెట్టె మా యూనివర్సిటీ ప్రాజెక్టు. నాకు మార్కులు రావద్దూ?

పరాయి దేశంలో చదువుకుంటూ, పాయింట్ కుక్ అనే శివారు పేటలో నేను అద్దెకుంటున్నది జార్జి అంకుల్ ఇంట్లో. భీమవరం నుంచి వచ్చిన ఆయన తల్లి అమృతం మామ్మగారిదే అక్కడ వంటా, ప్రార్థనా. ఈ మధ్య ఆవిడ అడిగిందే అడుగుతోందని అంకుల్‌కి అనుమానం. వెంటనే మా పెట్టెను వంటింటి గట్టు మీద పెట్టాను. వారం పాటు ఇంట్లో మాటలన్నీ వింది.

రిపోర్టు రానే వచ్చింది! అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుట: తీవ్రం. మనవరాలు ఎవాను పిలవబోయి ముందు కొడుకు పేరు, తర్వాత చెల్లెలి పేరు, ఆనక కుక్క పేరు పలుకుట: అతి తీవ్రం. ఆ లెక్కన కోస్తా జిల్లాల నానమ్మలందరినీ ఆస్పత్రిలో చేర్చాలి. చేర్చుదాం! సైన్స్ దగ్గర మొహమాటమేమిటి?

అంకుల్ హడలిపోయి మామ్మగారిని స్టవ్ ముట్టుకోనివ్వలేదు. చేపల పులుసు పోయి డబ్బా బీన్స్ వచ్చాయి. మామ్మగారు మాట్లాడటమే తగ్గించేశారు. నోరు తెరిస్తే, "ఇది ఇందాక అడిగేశానా బాబూ?" అని భయంగా చూసేవారు. నాకు నిజంగా బాధేసింది. అయినా సైన్స్ అన్నాక త్యాగాలు తప్పవు కదా!

స్పెషలిస్టుకి పంపేముందు రికార్డింగును అందరం కూర్చుని విన్నాం.

"ఎవా, అన్నానికి రావే!" జవాబు లేదు.

"జార్జీ, కూర చల్లారిపోతంది, రారా!" టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ కేకలు.

"ఎవా, అన్నానికి రావే తల్లీ!"

"ఇన్ ఎ మినిట్, నానమ్మా!"

"బాబూ, నువ్వన్నా రావయ్యా!" నా గదిలోంచి కీబోర్డు టకటక.

అంకుల్ తల దించుకున్నారు. పెట్టె తప్పేమీ లేదండోయ్! అడిగినవన్నీ జాగ్రత్తగా లెక్కపెట్టింది. జవాబు రానివి కూడా లెక్కపెట్టాలని దానికి మేమే నేర్పలేదు.

మామ్మగారికి జబ్బుందో లేదో స్పెషలిస్టు తేలుస్తారు. ఈలోగా స్టవ్ ఆవిడకి తిరిగి దక్కింది. నేను పెట్టె తీసుకెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండనీ బాబూ. ఈ ఇంట్లో నా మాట చివరిదాకా ఇన్నది అదొక్కటే."

చూశారా? వరమని మొదట్లోనే చెప్పాను కదా!