మూడు కేకులు, పన్నెండు అంకెలు

ఆ రోజుకు వాళ్లు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి బిల్లు పంపడం, మధ్యాహ్నానికి డబ్బు పడటం, సాయంత్రానికి మంచం ఇంటికి రావడం.

పెళ్లయి నలభై రోజులైంది. ఆ ఇంట్లో అన్నీ జంటలే. రెండు కప్పులు, రెండు తువ్వాళ్లు, ఒకే గ్లాసులో ఒకదాని మీద ఒకటి వాలి నిలబడ్డ రెండు బ్రష్షులు. మంచం ఒక్కటే ఇంకా బ్రహ్మచారి. భర్త పెళ్లికి ముందెప్పుడో కొన్న ఒంటి మంచం అది. దాని మీద ఇద్దరూ పడుకుంటే తెల్లారేసరికి ఎవరో ఒకరు కింద ఉండేవారు. మొదట్లో అదీ ముచ్చటగానే ఉంది. కానీ ముచ్చటకు మోచేతులు రెండే ఉంటాయి, అవి రెండూ ఇప్పటికే కమిలిపోయాయి.

భార్యను ఇంట్లో అందరూ చిన్ని అంటారు. కొట్ల బోర్డుల మీద అక్షరాలు, డబ్బాల మీద బొమ్మలు గీసివ్వడం ఆమె పని. పై అధికారి లేడు, నెల జీతం లేదు, వంటింటి బల్లే ఆఫీసు. నాలుగు వీధుల అవతలున్న బేకరీకి కొత్త బోర్డూ, కొత్త కేకు డబ్బాలూ గీసిచ్చింది. ఆమెకు అదే మొదటి పెద్ద పని. ఆ డబ్బు రాగానే, బయానా ఇచ్చి ఆపించిన డబుల్ మంచానికి మిగతాది కట్టాలి. గడువు సాయంత్రం ఆరు. దాటితే అది ఇంకో జంటకు పోతుంది. ఆ జంట నిన్ననే వచ్చి మంచాన్ని టేపుతో కొలుచుకుని, చిన్ని వంక ఓ చూపు చూసి వెళ్లింది.

భర్త బీమా ఆఫీసులో క్లెయిములు చూస్తాడు. ఎవరిది కాలింది, ఎవరిది మునిగింది, ఎవరిది పోయింది అని రోజంతా చదివీ చదివీ, టీలో చక్కెర వేసుకునే ముందు కూడా అటూ ఇటూ చూడటం అలవాటైంది. ఆఫీసులో అతనికి జాగ్రత్తరావు అని పేరు పెట్టారు. చిన్నికి ఆ పేరు తెగ నచ్చింది.

"బిల్లు బాగుందా అండీ? మూలన చిన్న కుంచె బొమ్మ కూడా వేశా," అంది ఆమె, కాగితం అతని ముందుకు జరిపి.

"కుంచె బాగుంది. దాని కింద ఇదేంటి?"

"అకౌంట్ నంబరు."

అతను కప్పు కింద పెట్టేశాడు. "మొత్తమా?"

"సగం వేస్తే సగం డబ్బే వస్తుందేమోనని మొత్తం వేశా."

"నవ్వులాట కాదు చిన్నీ. మా దగ్గరికి ఒకాయన కేసు వచ్చింది. ఇంటి గోడ మీద తన పేరు పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. ఇల్లు పోయింది."

"పేరు రాస్తే ఇల్లు పోతుందా?"

"వరదలో పోయింది. అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలి కదా."

"అందుకే కదండీ పని కోసం వేరే ఖాతా తెరిచింది! అందులో ఉన్నది చూస్తే దొంగే జాలిపడి ఏదో ఒకటి వేసి పోతాడు."

జాగ్రత్తరావు ఒప్పుకోలేదు. అతను చేతులు పట్టుకుని బతిమాలితే ఆమెకు నవ్వొస్తుంది, నవ్వొస్తే వాదించలేదు. నంబరు తీసేసి బిల్లు పంపింది. పది నిమిషాల్లో బేకరీ పెద్దాయన ఫోను చేశాడు. వెనక ఏదో మర హోరెత్తుతోంది.

"అకౌంట్ నంబరు ఏదమ్మా? డబ్బు గాల్లో వెయ్యమంటావా? నేను పిండి మిల్లులో ఉన్నా, ఇక్కడ ఏమీ వినపడి చావదు. కొట్టుకు ఫోను చేసి చెప్పండి, మా అక్కయ్య రాసిపెడుతుంది. నాలుగింటికి వచ్చి చూసి వేస్తా!"

"నేను చెప్తాగా," అన్నాడు జాగ్రత్తరావు, అప్పటికే ఆఫీసుకు సెలవు పెట్టేసి. "పన్నెండు అంకెలు. మూడు ముక్కలు చేస్తా. మూడు వేర్వేరు దారుల్లో పంపుతా. దారిలో ఏ ముక్క దొంగ చేతికి చిక్కినా మిగతా రెండూ ఉండవు. ఎలా ఉంది?"

"మంచం మీద మనం పడుకున్నట్టే ఉంది. ఎవరు ఎక్కడ తేలతారో తెలీదు," అంది చిన్ని. అయినా ఆ పథకం చెప్తున్నప్పుడు అతని కళ్లు మెరిసిన తీరు చూసి ముచ్చటపడి, మంచానికి కాపలా కాయడానికి మంచాల కొట్టుకు బయల్దేరింది.

పెద్దాయన చెప్పిన అక్కయ్యను బేకరీలో అందరూ క్రీమక్క అంటారు. పదకొండేళ్లుగా కేకుల మీద రాతలన్నీ ఆమెవే. ఫోను కూడా ఆమె బల్ల మీదే ఉంటుంది. పెద్దాయన మిల్లు హోరులో పడి, ఫలానా నంబరు వస్తుందని ఆమెకు ముందుగా చెప్పడం మరిచిపోయాడు.

"నాలుగు అంకెలు చెప్తాను. రాస్తారా?" అన్నాడు జాగ్రత్తరావు.

"రాయడమే కదండీ నా పని. చెప్పండి."

"నాలుగు, నాలుగు, ఏడు, ఒకటి. నాలుగింటికల్లా సిద్ధంగా ఉండాలి. మీ ఓనరుగారు తప్ప ఎవరూ చూడకూడదు."

"ఓనరుగారికా! అలాగేనండీ, ఆయన వచ్చేదాకా మూత తియ్యం. గులాబీలు పెట్టమంటారా?"

జాగ్రత్తరావు ఇదేదో వాళ్ల రహస్య పద్ధతి అయి ఉంటుందనుకున్నాడు. అతనికి ఆ కొట్టు మీద గౌరవం పెరిగింది. "మీ పద్ధతి ఎలాగైతే అలాగే కానివ్వండి."

క్రీమక్క తప్పేమీ లేదు. కేకు మీద నాలుగు అంకెలు రాయించుకునేవాళ్లు ఆమెకు కొత్త కాదు. బండి కొన్నవాళ్లంతా కొత్త నంబరును కేకు మీద రాయించుకుని కోస్తారు. ఓనరుగారు కొత్త బండి కొన్నారన్నమాట, పాపం ఎవరో ఆయనకు తెలియకుండా కేకు చేయిస్తున్నారు అనుకుని, అంకెల కింద చాక్లెట్‌తో చక్కటి స్కూటరు కూడా గీసింది.

గంట తరవాత ఇంకో ఫోను వచ్చింది. జాగ్రత్త కోసం పక్కింటివాళ్ల ఫోను అడిగి తీసుకుని, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మాట్లాడాడు జాగ్రత్తరావు. రెండు, సున్నా, ఎనిమిది, ఆరు. అదే షరతు, ఓనరుగారు తప్ప ఎవరూ చూడకూడదు. ఈ గొంతు ఎవరో బాగా బలిసినవాళ్లలా ఉందనుకుని క్రీమక్క రెండో కేకు మీద కారు గీసింది.

మూడోసారి అతనే నల్లకళ్లద్దాలు పెట్టుకుని వచ్చి ఒక కవరు ఇచ్చి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. వెలుగులో పెట్టి చూసినా లోపలి అంకెలు కనిపించకుండా కవరులో రెండు పక్కలా అట్టముక్కలు కుక్కాడు. తొమ్మిది, సున్నా, మూడు, అయిదు. కవరు బరువు చూసి క్రీమక్క లారీ గీసింది.

రహస్యం ఒక్కటైతే దాచేదే. మూడు దాచడం ఆమె వల్ల కాలేదు. ఓవెన్ దగ్గర పనిచేసే పెద్దమనిషికి చెప్పింది. ఆయన్ను అందరూ ఓవెన్ మామ అంటారు.

"మూడా?" అన్నాడు మామ. "జీతాలు పెంచమంటే మూడు నెలలు ఓపిక పట్టమన్నాడు. ఒక్క రోజులో మూడు బళ్లు కొన్నాడా?"

మామ ఓవెన్ ఆపేశాడు. పిండి కలిపేవాళ్లు పని మానేసి చేతులు కడుక్కున్నారు. డబ్బాల్లోంచి మూడు కేకులూ తీసి, వీధంతా చూసేలా అద్దం వెనక వరసగా పెట్టారు. ముందు స్కూటరు, పక్కన కారు, ఆ పక్కన లారీ.

అవతల మంచాల కొట్లో చిన్ని డబుల్ మంచం మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "కూర్చోండమ్మా, ఒరగొద్దు మాత్రం," అన్నాడు కొట్టాయన. టేపు జంట అయిదింటికి మళ్లీ వచ్చి, ఆమెకు ఎదురుగా రెండు కుర్చీలు వేసుకుని కూర్చుంది. ఫోను ఎంతకీ మోగలేదు. అయిదుంపావుకు భర్త పరిగెత్తుకొచ్చాడు.

"డబ్బు పడలేదా? మూడు ముక్కలూ భద్రంగా చేరాయే!"

"ఎక్కడికి చేరాయో చూద్దాం పదండి," అని ఆమె చెప్పులేసుకుంది. పోతూ పోతూ చున్నీని మంచానికి కట్టేసి మరీ పోయింది.

బేకరీ ముందు జనం పోగయ్యారు. తన అక్షరాలతో తళతళలాడుతున్న కొత్త బోర్డు చూసి చిన్నికి ఎంత ఆనందమేసిందంటే, దాని కింద జరుగుతున్న గొడవ కాసేపు కనిపించనే లేదు.

"మూడు బళ్లు!" అంటున్నాడు ఓవెన్ మామ. "పోవడానికొకటి, రావడానికొకటి. మూడోది దేనికయ్యా?"

"నాకు బండి నడపడమే రాదురా!" పెద్దాయన నెత్తి కొట్టుకున్నాడు.

"నడపడం రానివాడికి లారీ కూడానా!"

అప్పుడు చిన్ని అద్దం వంక చూసింది. తన వ్యాపారం మొత్తం, క్రీములో, గులాబీలతో సహా, ఎడమ నుంచి కుడికి. భర్త వంక తిరిగింది. అతని ముఖం కేకు కన్నా తెల్లగా ఉంది.

"ఏవండీ, చెప్పండి."

"ఇంతమంది ముందా?"

"మీరు చెప్పకపోతే ఈ కొట్టు తెరుచుకోదు. కొట్టు తెరుచుకోకపోతే డబ్బు రాదు. డబ్బు రాకపోతే ఇవాళ కిందపడే వంతు మీది."

జాగ్రత్తరావు మెట్టెక్కాడు. గొంతు సవరించుకున్నాడు. "అవి బళ్లు కావండీ. అది... అది మా అకౌంట్ నంబరు."

"వెనక వినపడలేదు బాబూ!" అన్నారెవరో.

"మా అకౌంట్ నంబరండీ!" అని అరిచాడు. "స్కూటరు మీద నాలుగు, కారు మీద నాలుగు, లారీ మీద నాలుగు! మొత్తం పన్నెండు!"

వీధి వీధంతా పెదవులు కదుపుతూ చదువుకుంది. ఎవరికీ నమ్మకం కుదరలేదు. "అదే నిజమైతే డబ్బు వేసి చూపించు," అన్నాడు మామ. పెద్దాయన ఫోను తీసి నొక్కడం మొదలుపెట్టాడు.

"కారు మీద మూడోది ఎనిమిదా, మూడా? క్రీము కారింది."

"ఎనిమిది! ఎనిమిదండీ! సరిగ్గా చూసి నొక్కండి!" జాగ్రత్తరావు పొద్దుటి నుంచీ దాచిన అంకెను ఆ చివరింటి మేడ మీదివాళ్లకు కూడా వినిపించేలా అరిచాడు.

చిన్ని ఫోను టింగుమంది. జనం చప్పట్లు కొట్టారు. మామ నెమ్మదిగా వెళ్లి ఓవెన్ వెలిగించాడు. వెలిగించి, "అయినా జీతాల మాట అలాగే ఉంది," అన్నాడు. అంతమంది చూస్తుంటే పెద్దాయన వచ్చే నెల నుంచి పెంచుతానని అనక తప్పలేదు.

"అకౌంట్ నంబరు ఇంటి అడ్రసు లాంటిది బాబూ," అన్నాడాయన, జాగ్రత్తరావు భుజం మీద చెయ్యి వేసి. "అది తెలిస్తే వచ్చి తలుపు కొడతారు, అంతే. తాళంచెవి ఇవ్వకు, చాలు. ఇదుగో, మూడు కేకుల బిల్లు."

జాగ్రత్తరావు బిల్లు తిప్పి చూశాడు. అడుగున బ్యాంకు పేరు, ఖాతా నంబరు, అన్నీ లావుపాటి అక్షరాల్లో ఉన్నాయి. "ఇన్నేసి వివరాలు వేసేశారేంటండీ?"

"వేయకపోతే ఎవరిస్తారయ్యా?"

కేకుల డబ్బు కట్టేశాక మంచానికి కొంచెం తక్కువైంది. ఇద్దరూ మూడు డబ్బాలు పట్టుకుని ఆరుకు అయిదు నిమిషాలుందనగా కొట్లోకి దూరారు. టేపు జంట లేచి నిలబడింది. కొట్టాయన డబ్బు చూశాడు, తక్కువైంది చూశాడు, తరవాత డబ్బాల్లోకి చూశాడు.

"ఆ కారు కేకు ఇటివ్వమ్మా, లెక్క సరిపోతుంది. కారు కొందామంటే మా ఆవిడ పదేళ్లుగా ఒప్పుకోవడం లేదు. ఇవాళ ఇంటికి తీసుకెళ్తే ఏమంటుందో చూస్తా."

మంచం ఇంటికొచ్చింది. ఎంత వెడల్పుగా ఉందంటే ఇద్దరి మధ్యా మూడో మనిషి కూర్చునేంత చోటు మిగిలింది. అక్కడ కేకు డబ్బాలు పెట్టుకున్నారు. ఆ నెలలోనే ఇంకో కొట్టుకు బిల్లు రాస్తున్నప్పుడు, అకౌంట్ నంబరు కొంచెం పెద్దగా వెయ్యమని జాగ్రత్తరావే అన్నాడు.

మొదటి నాలుగు అంకెలూ చివరి నాలుగు అంకెలూ ఆ సాయంత్రమే ఇద్దరూ కూర్చుని తినేశారు. మధ్యలోవి మంచాల కొట్టాయన ఇంట్లో ఉన్నాయి కాబట్టి, ఏ ఒక్కరి దగ్గరా మొత్తం నంబరు లేదనీ, పథకం పారిందనీ జాగ్రత్తరావు ఇప్పటికీ అంటాడు.