అత్తగారి నల్ల కంబళి

ఆ శనివారం ఉదయం తోదెర్ వేసుకున్న పథకం చిన్నదే. అడవి నుంచి దుంగలు లాగి తెచ్చిన గుర్రానికి ఏదైనా కప్పి, చెమట ఆరాక కొట్టంలో కట్టెయ్యాలి. బుకోవినా కొండల చలిలో చెమట పట్టిన గుర్రాన్ని ఊరికే వదలకూడదు. సంతలో ముచ్చటపడి కొన్న మెరిసే మైనపు దుప్పటి కప్పితే, దాని కింద చెమట ఆరక గుర్రం గజగజ వణికింది. అది కొనొద్దని భార్య సవేత అప్పుడే చెప్పింది. ఉతికి ఆరేసిన ఉన్ని కంబళ్ళేమో కంచె మీద గడ్డకట్టి చెక్కల్లా నిలబడ్డాయి.

ఇంట్లో పొడిగా మిగిలిన ఉన్ని ఒక్కటే. అత్తగారు పరస్కీవ పెట్టెలోని ఎర్ర గులాబీల నల్ల కంబళి. తను పోయాక శవపేటిక మీద కప్పడానికని ఆవిడ స్వయంగా నేసుకున్నది. ఊళ్ళో దాన్ని చూసి మెచ్చుకోనివారు లేరు; ఆవిడ పోయిన రోజునే అది గడప దాటుతుందని అందరికీ తెలుసు. తల్లీకూతుళ్ళు పొద్దున్నే పైవీధిలోని చుట్టాలింటికి వెళ్ళారు. వాళ్ళు వచ్చేలోగా మడతపెట్టేస్తే ఎవరికి తెలుస్తుందనుకుని, దాన్ని గుర్రం మీద కప్పి గేటు దగ్గర ఎండలో నిలబెట్టాడు.

పొరుగింటి కత్రీన అటుగా వెళ్తూ కంబళిని చూసి ఆగిపోయింది.

"మీ అత్త..." అంది.

దొరికిపోయాననుకుని తోదెర్ తల వంచుకున్నాడు. "పొద్దున్నే వెళ్ళిపోయిందక్కా."

"బాధేమైనా పడిందా?"

"లేదే. నవ్వుతూనే వెళ్ళింది."

కత్రీన శిలువ గీసుకుని వెనక్కి తిరిగింది. కాసేపటికి చర్చి గంట మోగింది. పాపం ఎవరు పోయారోననుకుంటూ తోదెర్ కూడా టోపీ తీశాడు. ఆ టోపీ చేతిలో ఉండగానే కొవ్వొత్తులతో ఆడవాళ్ళు, వాళ్ళ వెనకే ఫాదరుగారు వచ్చేశారు. అప్పటికిగాని అతనికి సంగతి అర్థం కాలేదు. ఆవిడ బతికే ఉందని చెప్పాలంటే కంబళి సంగతీ చెప్పాలి. టోపీ నలుపుతూ గుర్రం పక్కకు జరిగాడు. అది చూసి కత్రీన, అల్లుడైనా కొడుకులా కుమిలిపోతున్నాడని అందరికీ చెప్పి మరీ ఏడ్చింది. సిగ్గుతో తోదెర్ చెవులు కాలిపోయాయి.

గంట విని కూతురితో పరుగున వచ్చిన పరస్కీవ, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ఎవరే పోయింది?"

కత్రీన చేతిలోని కొవ్వొత్తి మంచులో పడింది. సవేత కంబళిని చూసి ముఖం దాచుకుంది.

"నేనే కప్పాను, అత్తమ్మా," అన్నాడు తోదెర్ నేల చూపులు చూస్తూ. "మైనపు దుప్పటి కింద గుర్రం వణికిపోయింది."

పరస్కీవ కంబళి కింద చెయ్యి పెట్టి గుర్రం వీపు తడిమింది. పొడిగా, వెచ్చగా ఉంది. ఉన్ని మంచిదేనంది. తర్వాత, తడి కళ్ళతో నిలబడ్డ జనం వంక చాలాసేపు చూసింది.

"నాకోసం ఇంతమంది ఏడుస్తుంటే చలిలో నిలబెట్టి చూస్తున్నావేమయ్యా? వెళ్ళు, పెద్ద కుండ పొయ్యెక్కించు."

తోదెర్ తలెత్తకుండానే వండాడు, తలెత్తకుండానే వడ్డించాడు. ఆ మధ్యాహ్నం పరస్కీవ తన దినం భోజనంలో రెండోసారి అడిగి మరీ వడ్డించుకుంది.