మావగారి బండి చప్పుడు

ఆ ఆదివారం కళ్లజోళ్లాయన పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. మావగారి ఫోను రాగానే బండి చప్పుడు వినిపించాలి. తర్వాత కాఫీ తాగాలి. తర్వాత కాళ్లు బారజాపుకుని పేపరు చదవాలి. వారమంతా దుకాణంలో నిలబడి పరాయివాళ్ల ముక్కుల మీద కళ్లజోళ్లు సరిచేసే మనిషి ఇంతకంటే పెద్ద కోరికలేమీ కోరడు. ఆ మాత్రం కూడా అతని నుదుటన రాసిపెట్టి లేదు.

మావగారు పక్క ఊళ్లో పిండిమర నడుపుతారు. వయసులో ఉన్నన్నాళ్లూ ఒక మోటారు సైకిలు మీద తిరిగారు. నల్లటి ట్యాంకు, దాని మీద బంగారు గీత, ఎక్కి కూర్చుంటే గుర్రమెక్కినట్టుండే సీటు. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతబడి ఒక తరం దాటిపోయింది. మోకాళ్లు మొరాయించాక ఆయన ఆ బండిని కన్నకొడుకుని కాదని అల్లుడి చేతిలో పెట్టి, రెండు షరతులు పెట్టారు. అల్లుడి చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ దాని మీద పడకూడదు, మెకానిక్కులనైతే ఆ ఛాయలకే రానివ్వకూడదు. ఇక రెండోది, ప్రతి ఆదివారం ఫోనులో దాని చప్పుడు తనకు వినిపించాలి.

పిచ్చి షరతులే. కానీ కళ్లజోళ్లాయనకు తండ్రి ముఖం గుర్తులేదు. చప్పుడు విన్నాక మావగారు వెంటనే ఫోను పెట్టేసేవారు కాదు. "దగ్గు తగ్గిందా అల్లుడుగారూ? దుకాణంలో నిలబడి నిలబడి కాళ్లు లాగుతున్నాయా?" అని అడిగేవారు. తనని అలా అడిగిన పెద్దమనిషి అతనికి అంతకుముందు ఎవరూ లేరు. అందుకే అతను ఆదివారం కోసం చిన్నపిల్లాడిలా ఎదురుచూసేవాడు. ఆ సంగతి భార్యతో కూడా అనలేదు. అనడానికి సిగ్గేసింది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ బండిలో ఇంజను లేదు.

అది బావమరిది నిర్వాకం. అతనికి ఒక ముసలి ఆటో ఉంది. కిందటి వానాకాలంలో దాని ఇంజను పట్టేసింది. తండ్రిని అడిగే ధైర్యం లేక బావ కాళ్ల మీద పడ్డాడు. "రెండు వారాలు బావా. బండి ఎలాగూ షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకునుంది కదా. దాని ఇంజను నాకు బిగించుకుంటాను. కొత్తది దొరకగానే నీది నీకు." కాదనడం చేతకాకపోవడం కళ్లజోళ్లాయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ రెండు వారాలు సాగి సాగి ఏడాది దగ్గరకొచ్చాయి.

అప్పటినుంచి ఆదివారం ఉదయం ఒక నాటకం నడుస్తోంది. బావమరిది ఆటోని చప్పుడు లేకుండా ఇంటి వెనక సందులోకి తోసుకొచ్చి, షెడ్డు కిటికీకి ఆనించి నిలబెడతాడు. ఫోను మోగగానే కళ్లజోళ్లాయన షెడ్డులోకెళ్లి తలుపేసుకుని, కిటికీ మీద తట్టి, ఫోను బయటికి చాస్తాడు. అవతల మావగారు తృప్తిగా, "ఆహా, ఎక్కడా తేడా లేదు" అంటారు. ఇటు పెరట్లో బట్టలారేసుకుంటూ ఇల్లాలు కూడా ఆ చప్పుడు వింటుంది. చిన్నప్పుడు నాన్న ఆ ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పిన రోజులు గుర్తొచ్చి ఆమె కళ్లు చెమరుస్తాయి. ఆ కళ్లు చూసినప్పుడల్లా కళ్లజోళ్లాయనకు ఈ బతుకు బతికేకంటే ఎక్కడికైనా పారిపోతే బాగుండుననిపించేది.

ఆ ఆదివారం ఫోను మోగింది. వెనక బస్సుల రొద.

"అల్లుడుగారూ, నేను మీ ఊరి బస్టాండులోనే ఉన్నాను."

కళ్లజోళ్లాయన షెడ్డు వైపు చూశాడు. "అదేమిటి మావయ్యగారూ, చెప్పాపెట్టకుండా..."

"మా అమ్మాయి నిన్న ఫోను చేసింది. మన బండిని పాత మోటారు సైకిళ్ల ప్రదర్శనలో పెడుతోందట కదా. రేపు వాళ్లొచ్చి చూస్తారట." ఆయన గొంతు తగ్గించారు. "అల్లుడుగారూ, వాళ్లు ఇంజను నంబరు గట్రా కూడా చూస్తారంటారా?"

నంబరు సంగతి తర్వాత, చూడటానికి అక్కడ ఇంజనంటూ ఉండాలి కదా. ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి భార్య నవ్వుతూ నిలబడి ఉంది.

"మీకు చెప్పకుండా చేశాను, కోప్పడకండి. ఇన్నాళ్లు కంటికి రెప్పలా చూసుకున్నారు. ఆ పేరు మీకు రావాలని. నాన్నని బస్టాండు నుంచి తేవడానికి తమ్ముణ్ణి ఆటో తీసుకెళ్లమంటాను."

"ఆటో వద్దు," అన్నాడు కళ్లజోళ్లాయన. ఆటో ఎక్కిన మరుక్షణం ఆ చప్పుడు దేనిదో మావగారు గుర్తుపట్టేస్తారు. "ఆటో... చెడిపోయింది."

"మరీ మంచిది. మీరే బండేసుకుని వెళ్లండి. నాన్న దాని మీద కూర్చుని ఎన్నేళ్లయిందో."

ఇలాంటప్పుడు నిజం చెప్పేస్తే సగం బాధ వదిలిపోతుందని మనకి తెలుసు. అతనికీ తెలుసు. కానీ భార్య ముఖంలో ఆ వెలుగు చూస్తూ నోరు ఎలా తెరుస్తాడు? "అలాగే" అని షెడ్డులోకెళ్లి గడియ వేసుకున్నాడు.

కిటికీ అవతల నుంచి బావమరిది, "స్టార్టు చెయ్యనా బావా?" అన్నాడు.

"స్టార్టు కాదురా, ఊడదియ్యి. ఇంజను బండిలో పెట్టాలి. మీ నాన్న బస్టాండులో ఉన్నాడు."

బావమరిది పై ప్రాణాలు పైనే పోయాయి. తండ్రి పేరు చెబితే అతని చేతులు ఎంత వేగంగా పనిచేస్తాయో కళ్లజోళ్లాయన ఆ రోజే చూశాడు. ఇద్దరూ కలిసి ఇంజనుని విప్పి, కిటికీలోంచి లోపలికి దింపి, దుప్పటి తీసి, బండి కడుపులోకి ఎత్తారు. అది కూర్చోలేదు. ఇటు తిప్పారు, అటు తిప్పారు. బోల్టులు పట్టే చోటే లేదు.

"ఏరా, ఇందులోంచే కదా తీశాం. ఇందులో పట్టదేం?"

బావమరిది నీళ్లు నమిలాడు. "దీనికి అడుగున ఏవో అతికించిన ముక్కలుండేవి బావా. అవి అడ్డమొస్తుంటే కోయించేశాను. అవి తీశాక ఆటోలో అచ్చుగుద్దినట్టు కూర్చుంది, ఇక్కడే పుట్టినట్టు."

"కోయించావా?"

"రెండు వారాలే కదా అనుకున్నాను."

కళ్లజోళ్లాయన ఇంజనుని కౌగిలించుకున్నవాడు అలాగే నేల మీద కూలబడ్డాడు. చొక్కా నిండా నూనె. ఒళ్లో, ఎందులోనూ పట్టని ఇంజను. ఇప్పుడు ఇంట్లో బండీ నడవదు, ఆటో కూడా నడవదు. ఏడాది అబద్ధం ఆడి అతను సాధించింది ఇది. మావగారు ఇక ఫోను చెయ్యరు. దగ్గు తగ్గిందా అని ఎవరూ అడగరు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

బయట నుంచి భార్య గొంతు వినిపించింది. "ఏవండీ, ఇంకా బయల్దేరలేదా? నాన్న చూసి చూసి వేరే ఆటో ఎక్కి వచ్చేశాడట. వీధి మొదట్లో దిగాడు. కనీసం బండి స్టార్టు చేసి ఉంచండి. చప్పుడు వింటూ నడిచొస్తాడు. నేను ఎదురెళ్తున్నాను."

గేటు చప్పుడైంది. బావా బావమరుదులిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు.

"చప్పుడేగా," అన్నాడు బావమరిది నెమ్మదిగా. "చప్పుడుకి బండెందుకు బావా?"

మునిగిపోయేవాడు ఏ సలహా కాదంటాడు? షెడ్డులో పెడితే పొగకి ఉక్కిరిబిక్కిరవుతామని, ఇంజనుని పెరట్లోకి మోసుకొచ్చి బట్టలుతికే బండ మీద పెట్టారు. పెట్రోలు సీసాని బట్టలారేసే తాడుకు వేలాడగట్టి, గొట్టం తగిలించారు. బట్టలారేసి ఎంతోసేపు కాలేదు. వరసగా తెల్లటి దుప్పట్లు. మావగారు ముందు గదిలో కూర్చుని చప్పుడు వింటారు, మంచినీళ్లు తాగుతారు, ఈలోపు ఏదో ఒకటి ఆలోచించవచ్చు. పథకం అంతే. బావమరిది ఇంజనుని అదిమి పట్టుకుంటే కళ్లజోళ్లాయన కిక్కు కొట్టాడు.

ఏడాదిగా ఆటోని లాగీ లాగీ రాటుదేలిన ఇంజను ఒక్క కిక్కుకే అందుకుంది. ఎంత బాగా అందుకుందంటే, పట్టుకున్న బావమరిదిని ఒక్క విదిలింపుతో పక్కకి తోసి, బండ మీద నుంచి కిందికి దూకింది. బోల్టులు లేని ఇంజను ఒకచోట నిలబడదని ఇద్దరికీ అప్పుడు తెలిసింది. అది గెంతుకుంటూ బయల్దేరింది. గొట్టం లాగితే సీసా వచ్చింది, సీసా లాగితే తాడు తెగింది, తాడుతో పాటు దుప్పట్లన్నీ వచ్చాయి. ఒక దుప్పటి ఇంజను మీదే పడింది. తెల్లటి ముసుగేసుకుని, నల్లటి పొగ వదులుతూ, ఢకఢకలాడుతూ అది ఇంటి పక్క నుంచి వీధి గుమ్మం వైపు నడుస్తుంటే, వెనక కళ్లజోళ్లాయన రెండు చేతులూ చాచుకుని, "ఆగు, ఆగు" అంటూ పరుగెత్తాడు. దాన్ని పట్టుకునేదెలాగో తెలియలేదు. పట్టుకుంటే ఏంచెయ్యాలో అసలే తెలియలేదు.

గొట్టం ఎప్పుడో ఊడిపోయింది. లోపల మిగిలిన నాలుగు చుక్కల పెట్రోలుతో ఇంజను గేటుదాకా వెళ్లి, సరిగ్గా అప్పుడే లోపలికి అడుగుపెట్టిన మావగారి కాళ్ల దగ్గర దగ్గి, ఆగిపోయింది.

మావగారు చేతిసంచి కింద పెట్టి, మోకాళ్లు పట్టుకుని వంగి, దుప్పటి తొలగించి చూశారు. ఆయన వెనకే కూతురు వచ్చి నిలబడింది.

కళ్లజోళ్లాయన మొత్తం చెప్పేశాడు. ఆటో, రెండు వారాలు, కిటికీ, కోయించిన ముక్కలు. "మీరు కన్నకొడుకుని కాదని నా చేతిలో పెట్టారు. నేను నిలబెట్టుకోలేకపోయాను మావయ్యగారూ. మీరేమన్నా పడతాను," అన్నాడు. చివరి మాటలు ఏడుపులో కలిసిపోయాయి.

మావగారు గుమ్మం మెట్టు మీద కూర్చున్నారు. ఆయన ముఖంలో కోపం లేదు. దొరికిపోయిన మనిషి ముఖంలా ఉంది.

"మీరు ఏడవకండి అల్లుడుగారూ. ఇది ఆ బండి ఇంజను కాదు."

"అంటే?"

"ఆ బండిది మా పిండిమరలో ఉంది. మర మోటారు కాలిపోతే దాన్ని పెట్టాను. రెండు వారాలే అనుకున్నాను." ఆయన చూపు నేల మీద నుంచి లేవలేదు. "జనం పిండికోసం వచ్చి నిలబడుతుంటే మళ్లీ తీయబుద్ధి కాలేదు. బండి బోసిగా ఉంటే బాగుండదని, పాత ఇనప కొట్లో ఒక విరిగిన ఆటో ఉంటే దాని ఇంజను తెచ్చి, ముక్కలు అతికించి ఇందులో కూర్చోబెట్టాను."

"అందుకనా ఆటోలో అంత బాగా కూర్చుంది," అన్నాడు బావమరిది. తండ్రి చూసిన చూపుకు బట్టలు ఏరుకోవడానికి వెళ్లిపోయాడు.

"మెకానిక్కు చూశాడంటే చెప్పేస్తాడని మీకు ఆ షరతు పెట్టాను. అది ఆగిపోతే మీరు మెకానిక్కుని పిలుస్తారని, ఆగిందేమోనని ప్రతి ఆదివారం ప్రాణం బిగబట్టుకుని వినేవాణ్ణి. ఇవాళ ప్రదర్శన వాళ్లు రాకముందే, ఏదో రిపేరని చెప్పి దీన్ని ఊడదీసి పట్టుకుపోదామని వచ్చాను." ఆయన నిట్టూర్చారు. "ఊడదీసే శ్రమ మీరే తప్పించారు."

కూతురు అప్పుడు ముందుకొచ్చింది. "ఇన్నాళ్లూ ఆదివారం పొద్దున్నే నేను కళ్లనీళ్లు పెట్టుకుని విన్నది తమ్ముడి ఆటోనా?"

ఆమె నూనె మరకల దుప్పటి చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. "అన్నం పెడతాను, మాట్లాడను. దుప్పట్లు మీరే ఉతకండి. ప్రదర్శన వాళ్లకి కూడా మీరే చెప్పుకోండి," అని లోపలికి వెళ్లిపోయింది. మగవాళ్లు ముగ్గురూ పెరట్లో వరసగా కూర్చుని దుప్పట్లు ఉతికారు. మరకలు వదల్లేదు.

ఇంజను ఆటోలోకి వెళ్లిపోయింది. మావగారు బస్సెక్కి వెళ్లిపోయారు. వెళ్లేముందు ఫోను సంగతేమీ అనలేదు. అనడానికి మాత్రం ఏముంది? భయంతో చేసిన ఫోన్లు, భయం తీరాక ఎందుకు చేస్తారు? ఆ వారమంతా కళ్లజోళ్లాయన దుకాణంలో కుడి కంటి అద్దం ఎడమకీ, ఎడమది కుడికీ బిగించాడు. దగ్గు తిరగబెట్టింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. వెనక సందు ఖాళీగా ఉంది. భార్య ఇంకా ముక్తసరిగానే మాట్లాడుతోంది. అతను కాఫీ ముందు పెట్టుకుని పేపరు తెరిచాడు. ఏ అడ్డూ లేకుండా పేపరు చదువుకునే ఆదివారం ఇంత అన్యాయంగా ఉంటుందని అతను అనుకోలేదు.

ఫోను మోగింది.

"అల్లుడుగారూ, ఏదీ, ఒకసారి వినిపించండి."

"అందులో ఏమీ లేదు కదా మావయ్యగారూ."

"ఆ సంగతి నాకు తెలియదా? వినిపించండి."

కళ్లజోళ్లాయన షెడ్డులోకెళ్లి, దుప్పటి తొలగించి, బోసి బండి పక్కన ఫోను పట్టుకుని నిలబడ్డాడు. దగ్గు ఆపుకోలేక దగ్గాడు. అవతల మావగారు చాలాసేపు శ్రద్ధగా విన్నారు.

"ఆహా," అన్నారు, "ఇంతకుముందెప్పుడూ ఇంత సాఫీగా నడవలేదు."