మూడు పిడికిళ్ళ ఉప్పు

ఆ గురువారం పొద్దున అచ్చియమ్మ రెండు పనులు చేద్దామనుకుంది: పాలకూర పప్పు వండటం, దాన్ని ఇంకో మనిషితో కలిసి తినటం. మొదటిది సులువే.

అడవి ఆఫీసు గుమస్తా వరహాలరావు భార్యగా ఆమె శృంగవరపుకోటలో ఎడ్లబండెక్కి అనంతగిరి వచ్చి ఎనిమిది నెలలయింది. ఆయన నెలకు ఇరవై రోజులు క్యాంపులోనే. ఇంటి చుట్టూ మంచు, మంచు విడిస్తే వాన, వాన వెలిస్తే మళ్ళీ మంచు. మాట్లాడటానికి మనిషి లేక మొదట్లో కోడిపెట్టతో మాట్లాడేది. అది ఒకనాడు మాట మధ్యలో లేచిపోయింది. అప్పటినుంచి రుబ్బురోలుతో మాట్లాడుతోంది. రోలు జవాబివ్వదు గాని కదలదు, అదే పదివేలు. తిండి దగ్గర మాత్రం రోలు పనికిరాలేదు. ఎదురుగా ఒక ఖాళీ పీట వేసుకుని కూర్చుని, నాలుగు ముద్దలకే విస్తరి మడిచేసేది.

పాలకూర విత్తనాలు అమ్మ గుడ్డపీలికలో మూట కట్టి టపా మనిషి చేత పంపింది. పెరట్లో రెండు బారల మడి నవనవలాడుతూ లేచింది. ఆ మడి పక్కన నిలుచుంటే కాసేపు శృంగవరపుకోటలో పుట్టింట ఉన్నట్టే ఉండేది.

గురువారం గురువారం కట్టెల మోపు తెచ్చే గాసి దిగువ గూడెం మనిషి, అచ్చియమ్మకన్నా పదేళ్ళు పెద్దది. ఎన్నిసార్లు భోజనానికి ఉండమన్నా, ఇంటికాడ తింతానమ్మా అని గుమ్మం అవతలినుంచే మళ్ళిపోయేది. తన వంట మీద అసహ్యమా, తన మొహం మీదా అని అచ్చియమ్మ రోలును చాలాసార్లు అడిగింది.

ఈసారి మడి చూపించి మరీ పిలిచింది. గాసి ఆకు వంక ముచ్చటగా చూసి, "కొత్త పెట్టినారేటమ్మా?" అంది.

కొత్త అంటే ఏమిటో గాసే చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పింది. నేల మొదటిసారి ఇచ్చింది గింజయినా, ఆకయినా ముందు కొండతల్లికి పెట్టాలి. తరవాత పూజారి నోట వేసుకోవాలి. ఆపైన అందరూ. అంతదాకా ఎవరూ ముట్టకూడదు. వండే మనిషి ఉప్పు చూడటానికి నాలుక మీద చుక్క వేసుకున్నా తప్పే.

"అయితే రేపే పెట్టీద్దాం. నువ్వొస్తావా?"

"రాకేటి? మా పూజారి బుధు రావాల. మావోళ్ళు కూడా..."

"అందర్నీ తీసుకొచ్చీ," అంది అచ్చియమ్మ. ఆమె లెక్కలో అందరూ అంటే ముగ్గురు, మహా అయితే నలుగురు.

శుక్రవారం పొద్దెక్కేసరికి మంచులోంచి ముందు డప్పు వినిపించింది. వెనక ముసలివాళ్ళు, వాళ్ళ వెనక బిడ్డల తల్లులు, నెత్తిన కుండలతో గుంటపిల్లలు. ఒక మేక కూడా వచ్చింది, దాన్నెవరు పిలిచారో తెలియదు. అచ్చియమ్మ నలభై దాకా లెక్కపెట్టి, అక్కడితో ధైర్యం చాలక ఆపేసింది.

మడి మొత్తం కోసేసింది. తట్టెడు ఆకు కుండలో కుక్కితే పైకి గోపురంలా నిలిచింది. గోపురాన్ని చూసి ఇంట్లో ఉన్న ఉప్పంతా వేసింది: మూడు పిడికిళ్ళు. మూత పెట్టింది. కాసేపటికి మూత తీస్తే అడుగున దోసెడు ఆకు.

ఆకు మగ్గాకే ఉప్పు వేయాలని తెలియని మనిషి కాదు. కాకపోతే నలభై మంది చూస్తుండగా వండటం ఆమెకు అదే మొదలు. నెలకు సరిపడా తెచ్చిన కందిపప్పంతా ఉడికించి అందులో కలిపింది. చింతపండు పిసికింది. చెంబుడు నీళ్ళు పోసింది, మరో చెంబుడు పోసింది. వేలు తనంతట తానే నాలుక దాకా వెళ్ళబోతే, గుమ్మం దగ్గరనుంచి గాసి "ఉఁహుఁ" అంది. వేలు వెనక్కి వచ్చేసింది.

ఇవాళ వీళ్ళు ఉమ్మేసి వెళితే ఇక ఈ గుమ్మం ఎవరూ తొక్కరు. తనకు మళ్ళీ రోలే గతి.

వాకిట్లో కొండతల్లిగా నిలిపిన రాతి ముందు ఆకుదొప్పలో పప్పు పెట్టి ముసలి పూజారి బుధు చాలాసేపు ఏదో చదివాడు. తరవాత ఒక చిటికెడు నోట వేసుకున్నాడు. డప్పు ఆగింది. ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. ఎడమ కంటినుంచి ఒక నీటిబొట్టు జారి మీసంలో పడింది. అచ్చియమ్మ గుమ్మం పట్టుకుంది.

"ఉప్పెంత ఏసినావమ్మా?"

"మూడు పిడికిళ్ళు," అంది, తప్పు ఒప్పుకుంటున్న గొంతుతో.

బుధు జనం వైపు తిరిగి తమ భాషలో చాటాడు. వాకిలంతా కలకలం రేగింది. అచ్చియమ్మ మొహం పాలిపోవటం చూసి గాసి దగ్గరకు వచ్చింది.

"సంతలో తట్టెడు సింతపండిత్తే దోసిడుప్పు ఇత్తారమ్మా మాకు. మా పెద్దోడి కూతురి పెళ్ళిలో కూడా ఇంత ఉప్పు ఎయ్యనేదు. నీ సెయ్యి పెద్ద సెయ్యని సెప్తన్నాడు."

కుండల మూతలు తీశారు. ఇంటికొక కుండ సామల అంబలి తెచ్చుకున్నారు, అన్నీ చప్పిడివే. ఒక్కొక్క దొప్పలో వేలెడు పప్పు కలిపితే అంబలికి ప్రాణం వచ్చింది. నలభై మందికీ సరిపోయి ఇంకా మిగిలింది. ఆ మిగిలింది కూడా నాకి వెళ్ళారు.

గాసి వంటింట్లోకి వచ్చి, ఎదురుగా ఉన్న ఖాళీ పీట లాక్కుని కూర్చుంది. అచ్చియమ్మ విడిగా తీసిపెట్టిన పప్పు వడ్డించి, ఎనిమిది నెలలుగా అడగాలనుకున్నది అడిగింది. ఇన్నాళ్ళూ ఎందుకు తినలేదని.

"కొత్త పెట్టని ఇంట్లో ఎలా తింతామమ్మా? కొత్తకి ఎప్పుడు పిలుత్తావా అని మేమే సూసినాం. ఈయమ్మకి మనుషులంటే గిట్టదు కావాల అనుకున్నాం."

అచ్చియమ్మ ఒక ముద్ద నోట పెట్టుకుంది. కళ్ళంట నీళ్ళు వచ్చాయి. వాటిని ఉప్పు మీదకు నెట్టింది.

రెండు రోజులు ముందుగానే క్యాంపు ముగించుకున్న వరహాలరావు ఆ సాయంత్రం పెరట్లోకి వచ్చి బోడి మడి చూశాడు.

"మేక గాని పడ్డదేటే?"

అచ్చియమ్మ గాసితో కలిసి గూడేనికి పాటలు వినటానికి బయలుదేరుతోంది. అన్నం ఉట్టి మీద ఉందనీ, కూర అయిపోయిందనీ, ఏదైనా చెప్పాలనుంటే రోలు ఖాళీగానే ఉందనీ చెప్పి వెళ్ళింది.

ఎనిమిది నెలల అలవాటు ప్రకారం ఆ పూట కూడా ఆ ఇంట్లో ఒక్కరే కూర్చుని భోంచేశారు. కాకపోతే ఈసారి ఆ ఒక్కరూ వరహాలరావు, అదీ ఉప్పు లేకుండా.