నలభై మూడో పంటి దిగ్విజయం

అష్టదిక్పాలకులు తమ తమ వాహనాలకు పసుపు కుంకుమలు దిద్దించుకొనే శుభవేళ, ఇరవయ్యో శతాబ్ది తన చివరి దసరాల లెక్క చూసుకొంటున్న కాలమున, భాగ్యనగరానికి ఉత్తరదిక్కున, లారీధూళిధూసరితమై, ఇటుకబట్టీధూమశ్యామలమై, అహోరాత్రహారన్‌ఘోషముఖరితమై వెలుగొందు మేడ్చల్ రహదారి పక్కన, అత్వెల్లి అను ఊరిలో ఒక మహావీరుడుండెను. చాయ్ చల్లారితే చల్లారనీ, కొంచెం ఇటు వినండి.

అతడు కుర్మయ్య. షామియానాసార్వభౌముడు, సహస్రకుర్చీపాలకుడు, గంగాళగరిటెగుండిగాధీశ్వరుడు. మన మాటలో చెప్పాలంటే టెంట్ హౌస్ ఓనరు. చుట్టుపక్కల ఏ పెండ్లి పందిరి లేచినా, ఏ బంతిలో విస్తరి పడినా అతని కనుసన్నలలోనే. అట్టి వీరునికి వాహనము ఒక పాత మోటారుసైకిలు. దాని ఎరుపు రంగెక్కడ ముగిసి తుప్పెక్కడ మొదలగునో బ్రహ్మకూ తెలియదు. దానికొకప్పుడు చైన్ కవరుండెడిది. ఒక వానాకాలంలో అది గుంతలో ఊడిపడగా, "పోతే పోనీ, చైన్‌కు జర గాలి ఆడుతది" అని ఆ ధీరోదాత్తుడు వెనుదిరిగి చూడక ముందుకు సాగెను.

సకల అనర్థాలకూ అదే మూలము.

ఆ ఏటి ఉగాదినాడు కుర్మయ్య తన ధర్మపత్ని సిద్దమ్మను వెనుక కూర్చుండబెట్టుకొని, శామీర్‌పేటలోని ఆమె తమ్ముని ఇంటికి బయలుదేరెను. చెరువుకట్ట ఎక్కుచుండగా, ఎన్నాళ్ళనుండో వాహనగర్భంలో టక్కు టక్కుమని మూలుగుచున్న ఆ చైనుసర్పము ఒక్కసారిగా బుసకొట్టి, పళ్ళ చక్రం మీదినుండి లంఘించి, సిద్దమ్మ ఆకుపచ్చ పట్టుచీర కుచ్చిళ్ళపై అరచేయంత నల్లని ముద్ర వేసి, రోడ్డుపై ప్రాణాలు విడిచెను. ఎదురేగుటకు వచ్చిన తమ్ముడు వీరేందర్ అదంతా కన్నులారా చూచెను. చూచి నవ్వెను.

అప్పుడు సిద్దమ్మ కట్టమీద నిలిచి, కుచ్చిళ్ళు లోకానికి చూపి, కొంగలు లేచి పారిపోవునట్లు ఇట్లు ప్రతిజ్ఞ చేసెను:

"ఇగ ఇను! గీ బండి టక్కు టక్కు బందయ్యేదాంక నేను గీ సీటు మీద కూసుంటే సూడు! దసరాకు మా తమ్ముని స్కూటర్ మీదనే వోత. నువ్వు ఎనకనించి దుమ్ము తాగుకుంట రా!"

"నేనే వచ్చి తీస్కవోత తియ్యక్కా" అనెను వీరేందర్. "బావా, నీ ఎనక సీటు మీద అక్కను గాదు, ఓ మెకానిక్కును కూసోవెట్టుకో."

బావను బామ్మర్ది వెక్కిరించుట లోకధర్మమే. కాని దసరా సాయంత్రం, అత్తగారి వాడ యావత్తూ జమ్మి ఆకు పంచుకొను వేళ, భార్య బామ్మర్ది స్కూటర్ దిగుచుండగా, తాను ఖాళీ సీటుతో వెనుకనుండి దిగుట! ఆ చిత్రము కుర్మయ్య కన్నులముందు నిలిచి, అతనికి తిన్నది పెండ్లి భోజనమైనా సద్దికూడువలె తోచుచుండెను.

అంతట యుద్ధమారంభమయ్యెను. కుర్మయ్య కొత్త చైను వేయించెను. కొన్నాళ్ళు బండి కొత్తకోడలివలె నోరుమెదపక తిరిగి, పిమ్మట టక్కు టక్కుమనెను. మరియొక చైను వేయించెను. అదియు కొన్నాళ్ళకు టక్కు టక్కుమనెను. మన దిక్కు ఆచారము తెలిసినదే కదా. పాడైనదొక్కటే మార్చవలెను, బాగున్నదానిని ముట్టరాదు. కుర్చీకి కాలు విరిగితే కాలే మార్చును గాని కుర్చీ పారవేయునా షామియానాధీశుడు? అందుచే చైన్లు వచ్చెను, చైన్లు పోయెను, పళ్ళ చక్రాలు మాత్రం తాతలనాటివే నిలిచెను. అందులో వెనుక చక్రపు పన్నొకటి, ఉగాదినాడు కట్టమీద ఊడిన చైనును అతడే స్క్రూడ్రైవరుతో పొడిచి ఎక్కించునప్పుడు, కొన విరిగి మొండిపన్నై వికటాట్టహాసము చేయుచుండెను.

ఇట్లుండగా దసరా రానే వచ్చెను.

ఉదయాన్నే సిద్దమ్మ ఆయుధపూజకు గునపాలు, గడ్డపారలు, టెంటు గుంజలు, గంగాళాలు వరుసగా పేర్చి, నూనెలో తడిపిన కుంకుమతో బొట్లు పెట్టుచు వచ్చి, మోటారుసైకిలు ముందర ఆగెను.

"దీనికి వెట్టబుద్ధి గాదు" అనెను. "పండుగపూట ఇనుమును ఉత్తగ ఇడవొద్దని వెడుతున్న."

అని హెడ్‌లైటును విడిచి, హ్యాండిలును విడిచి, వంగి, ఆ వెనుక చక్రపు మొండిపంటి మీదనే దట్టమైన కుంకుమబొట్టు దిద్దెను. "గిదే పన్ను. నా చీరెను కరిసిన పన్ను. దీనికి వెట్టిన, సాలు."

ఆమె లోపలికి పోగా, కుర్మయ్య చక్రం కింద నిమ్మకాయ పెట్టుటకై బండిని స్టాండు మీదికెత్తి, చక్రాన్ని చేతితో తిప్పెను. తిప్పి చైను వంక చూచెను. చూచి, నిమ్మకాయ జారవిడిచెను.

చైను మీద కుంకుమ ముద్రలు పడియుండెను. నూట పన్నెండు లింకులలో ఎనిమిదింటి మీదనే. మరల తిప్పెను. ఆ ఎనిమిదే. భుజాలు నొచ్చునట్లు తిప్పెను. ఆ ఎనిమిదే మరింత ఎర్రబారెను తప్ప, పక్కనున్న లింకులు పండుగకు పిలుపందని చుట్టాలవలె నల్లగానే ఉండెను. ఆ మొండిపన్ను జన్మజన్మాంతరాలకూ ఆ ఎనిమిది లింకులనే కరుచుచున్నది! తక్కిన పళ్ళన్నిటికీ తమ తమ ఎనిమిదేసి లింకులే రాసిపెట్టియున్నవి! ఎన్ని చైన్లు మార్చిననేమి, ప్రతి చైనుకూ ఎనిమిది పుండ్లు!

కుర్మయ్య గుమ్మంలో కూలబడి చింతాక్రాంతుడయ్యెను. కాని అతడు వేల బంతులు లేపిన వాడు. చింత అతనికి విస్తరుల రూపంలోనే వచ్చును. అతని మనోనేత్రము ముందర ఒక గుండ్రని భోజనాల బంతి పరచుకొనెను. దానిలో లడ్డు బుట్టతో ఒక వడ్డనగాడు. అయిదేసి విస్తళ్ళ కొకటి వేసుకుంటూ పోవుచున్నాడు. బంతిలో ఇరవై మందుంటే, చుట్టు తిరిగి వచ్చి మరల మొదటి మనిషి విస్తరిలోనే వేయును. ఆ నలుగురు లడ్లతో ఉక్కిరిబిక్కిరి, తక్కిన వారు వంటాయన మీద తిట్లు. అదే బంతిలో ఇంకొకడు వచ్చి కూర్చుంటే? చుట్టు తిరిగేసరికి లెక్క ఒక్క విస్తరి జరుగును. మరుచుట్టు మరొకటి. ఆలస్యమైతే కానీ, అందరి నోరూ తీపి అగును.

"ఓరి నీ!" అని కుర్మయ్య లేచెను. ముందు, ఇంజను పక్కనున్న చిన్న చక్రపు పళ్ళు లెక్కించెను: పద్నాలుగు. వెనుక చక్రపు పళ్ళు లెక్కించెను: నలభై రెండు. లింకులు నూట పన్నెండు. అన్నీ పద్నాలుగుతో శేషం లేక తెగిపోవు చుట్టాలే! ఒకే బంతిలో ఒకే వరుసవారు కూర్చుని, ఒకరికొకరే వడ్డించుకొంటున్నారు!

ధూళిమేఘములు లేపుకొంటూ, టక్కు టక్కు రణభేరి మ్రోయించుకొంటూ అతడు మేడ్చల్‌లోని బాలమల్లు స్పేర్‌పార్టుల దుకాణము చేరెను. బాలమల్లు గల్లాపెట్టెకు బొట్టు పెట్టుచుండెను.

"కుర్మన్నా, పూజకు తెరిసిన. బేరానికి గాదు."

"పూజ కాంగనే బోణి అయితే ఏడాదంత గిరాకే మల్లన్నా. చైన్ సెట్ తియ్యి."

"మల్ల చైనా? నీ బండి చైన్లు తింటదా, పెట్రోలు తాగుతదా?"

"చైన్ ఒక్కటి గాదు. చక్రాలు సుత. ముంగట పదిహేను పళ్ళది, ఎనక నలభై మూడుది."

బాలమల్లు బొట్టు పెట్టు వేలు గాలిలో నిలిచిపోయెను. "అందరు పద్నాలుగు, నలభై రెండే ఏస్తరు గదనే! కట్నం సదివిచ్చినట్టు పైన ఒకటి, పైన ఒకటి అంటున్నవ్?"

అప్పుడు కుర్మయ్య, కౌంటరుపై చేయి మోపి, సభాసదులైన ఒక పిల్లీ రెండు టైర్లూ వినుచుండగా, గంభీరస్వరముతో పలికెను:

"అవ్, గంతే! పెండ్లిల సదివింపులకు పైన ఒకటి ఎందుకు వెడుతం? లెక్క తెగొద్దని, సుట్టరికం సాగాలని. పన్నుకు లింకుకు సుత గంతే. తెగే లెక్క వెడితే ఒక్కని మీదనే ఒకడు వడి సస్తరు. పైన ఒకటి వెడితే అందరు అందర్ని పలుకరిస్తరు. అందరు సమంగ అరుగుతరు!"

బాలమల్లుకు అర్థమైనంత అర్థమయ్యెను. "గదంత ఎందుకే? ఓ చైన్ కవర్ ఏస్కో రాదు. చీరెకు మరకే వడది."

"కవచం సాటుకు దాక్కునేటోడు మొగోడా?" అని కుర్మయ్య ఆ ప్రతిపాదనను తృణప్రాయముగా త్రోసివేసెను.

ఎవరూ కొనక మూల బడియున్న ఆ పదిహేనూ నలభై మూడూ దుమ్ము దులుపుకొని వెలికి వచ్చెను. కొత్త చైను తోడయ్యెను. వెనుక చక్రాన్ని కొంచెం ముందుకు జరుపగా చైను చక్కగా అందెను. కుర్మయ్య తిరిగి వచ్చుచుండగా బండిలో చప్పుడు లేదు. అతని ఛాతీలో మాత్రము డప్పులు.

కాని వాకిట్లో అప్పటికే వీరేందర్ స్కూటరు నిలిచియుండెను. సిద్దమ్మ గారెల గిన్నె చేతబట్టి, అదే ఆకుపచ్చ చీర, మరక లోపలి మడతకు దాచి కట్టుకొని, స్కూటరు దిక్కు నడుచుచుండెను.

"ఆగు!" అని కుర్మయ్య గర్జించెను. "సప్పుడు బందైంది. ఎక్కు."

వీరేందర్ నవ్వెను. "కొత్త సెట్ ఏస్తే ఎవల బండైనా సప్పుడు జెయ్యది బావా. నెల ఆగినంక మల్ల మొదటికే. అక్కా, నువ్వు కూసో."

సిద్దమ్మ నడుమ నిలిచెను. ఇటు మొగుడు, అటు తమ్ముడు, చేతిలో వేడి గారెలు. "నిజమే గదా? ఇంతకుముందు సుత గిట్లనే అన్నవ్."

"అన్న. ఇయ్యాల సూపెడత. కుంకుమ బరిణె తే."

సిద్దమ్మ ఒక పంటికి బొట్టు పెట్టుటకు, వీరేందర్ చక్రము తిప్పుటకు నియమితులైరి. బొట్టు చెరగగానే ఆమె మరల దిద్దును, అతడు మరల తిప్పును. ఒక లింకు ఎర్రబడెను. ఆవల ఇంకొకటి. దానికి ఎంతో దూరాన మరొకటి. వీరేందర్ చెమటలు కార్చెను.

"అక్కా, రెక్కలు వడిపోతున్నయే!"

"తిప్పరా. మీ బావను నవ్వినప్పుడు నొయ్యలే నోరు."

తిప్పగా తిప్పగా, ఒక్క లింకు తప్పక, ఒక్క లింకు చిన్నబోక, ఆ చైను ఆసాంతము అరుణకాంతులీనుచు, ఊరేగింపుకు సిద్ధమైన ఎర్రదండవలె మెరిసెను. సిద్దమ్మ కుంకుమ బరిణెకు మూత పెట్టెను. అప్పుడు ఆ పతివ్రతాశిరోమణి ముఖారవిందమునుండి వెలువడిన మాట ఇదొక్కటే:

"జమ్మి యాళ్ల అయితాంది. తియ్యి బండి."

ఎక్కెను! ఆరు నెలల దుమ్ము తుడిచి, ఆ సీటు మీద సిద్దమ్మ కూర్చుండెను!

కాని విజయలక్ష్మి అంత సులభముగా వరించునా? శామీర్‌పేట చెరువుకట్ట దగ్గర, అదే ఎత్తులో, ముందర పెరిగిన ఆ ఒక్క పన్ను తన రుసుము అడిగెను. బండి గుంజుడు తగ్గెను. ఇంజను ఉబ్బసపు ముసలివానివలె ఖంగు ఖంగుమనెను. వెనుక వీరేందర్ స్కూటరు, దుమ్ము తాగుచు, హారను కొట్టుచు, దగ్గరపడుచుండెను.

"దిగాల్నా?" అనెను సిద్దమ్మ.

"దిగకు!" అనెను కుర్మయ్య. "పాణం వోయినా దిగకు!"

అతడు మొదటి గేరుకు దించెను. పదిహేనూ నలభై మూడూ నూట పన్నెండూ ఒక్క మాటమీద నిలిచెను. ఏ పన్నూ పాత పగ తీర్చుకొనలేదు, ఏ లింకూ పాత గాయం తలచుకొనలేదు. నడకకు కొంచెమే ఎక్కువైన వేగంతో, కట్టమీద మేస్తున్న బర్రె ఒకటి ఆశ్చర్యపడి పక్కకు తొలగుచుండగా, టక్కు అను శబ్దము ఒక్కటైనను లేక, ఆ దంపతులు కట్ట శిఖరాన్ని అధిరోహించిరి!

వీరేందర్ వాకిట్లో చుట్టాలందరూ జమ్మి ఆకులతో నిలిచియుండగా బండి ఆగెను. సిద్దమ్మ దిగెను. వెనుకనే వచ్చిన వీరేందర్, కనుబొమల దాకా దుమ్ముతో, అక్క చీర చూచి ఫక్కున నవ్వెను.

కవరు లేని చైను కదా. నూట పన్నెండు లింకుల నూనె కుంకుమ దారి పొడుగునా చిలికి, ఆకుపచ్చ కుచ్చిళ్ళ కింది అంచంతా ఈ కొననుండి ఆ కొనదాకా ఎర్రని చుక్కలు పరిచియుండెను.

"అక్కా! ఏంది చీరెకు గీ సుక్కలు?"

కుర్మయ్య గుండె జారి చెప్పుల్లో పడెను. సిద్దమ్మ వంగి చూచుకొనెను. చుక్కలన్నీ ఒక్క తీరు. ఒకచోట చిక్కన, ఒకచోట పలుచన కాదు. అరచేయంత మరక ఎక్కడా లేదు. ఆమె వాడవారందరి వంక ఒకసారి చూచి, జమ్మి ఆకు తీసి మొదట మొగుని చేతిలోనే పెట్టి, తమ్ముని దిక్కు తిరిగెను.

"గది అంచు రా. మీ బావ ఏయిచ్చిండు."

జయము! జయము! షామియానాసార్వభౌమునకు జయము! తెగని లెక్కకు జయము! ఈ గాథ చెవినబెట్టిన వారి చైన్లు సమంగా అరుగుగాక, వారి బామ్మర్దులు వెనుకనుండి దుమ్ము తాగుదురుగాక, కట్ట ఎక్కునప్పుడు వారి భార్యలు దిగకుందురుగాక.

కుర్మయ్య బండికి చైన్ కవరు ఇప్పటికీ లేదు.